జైసల్మేర్ దాటి వెళ్తున్నాను: ఏమీ లేని ఎడారిని ఫోటో తీయడం ఎలా?

నల్లకుంట_కెమెరా
జనవరి 9, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

రెండేళ్ళ కిందట డిసెంబరులో ఆఫీసు స్నేహితులతో జైసల్మేర్ వెళ్ళాను. ఊరికి పడమరగా 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సామ్ ఇసుక తిన్నెల దగ్గర ఒక రాత్రి ఉన్నాం. ఆ ఒక్క సాయంత్రమే 640 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసుకుంటే ఒక్కటీ నిలబడలేదు. ఇసుక బంగారు రంగులో కాదు, తడిసిన సిమెంటు రంగులో వచ్చింది. అక్కడ నిలబడ్డప్పుడు నా నోట మాట రాలేదు. అదే చోటు ఫోటోలో మా వీధి చివర ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్పలా కనిపించింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఈసారి ఫిబ్రవరి 18 నుంచి ఆరు రోజులు సెలవు దొరికింది. ఒక్కడినే వెళ్తున్నాను. నా దగ్గర క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్) మిర్రర్‌లెస్ కెమెరా, 18-55, 55-250 మిల్లీమీటర్ల లెన్సులు, ఒక మామూలు ట్రైపాడ్ ఉన్నాయి. కొత్తగా కొనే స్తోమత లేదు. సామ్, ఖూరీ, కుల్‌ధరా, లోంగేవాలా, తనోట్, వీలైతే గుజరాత్‌లోని ఉప్పు ఎడారి కచ్ రణ్ కూడా చూడాలని రాసుకున్నాను.

నా అసలు ప్రశ్న ఇది. గుడి ఉంటే గుడిని తీస్తాం, మనిషి ఉంటే మనిషిని తీస్తాం. ఏమీ లేని చోట దేన్ని తీయాలి?


మౌలాలి_గుట్ట
జనవరి 10, ఉదయం 6:15

తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. ముందు ఆ జాబితా పక్కన పెట్టు. ఆరు రోజుల్లో ఆరు చోట్లు తిరిగితే ప్రతిచోటికీ మిట్టమధ్యాహ్నమే చేరతావు. ఒక్క తిన్నెను ఎంచుకో, మూడు రోజులు అక్కడే ఉండు. నేను 1996 నుంచి థార్‌కి వెళ్తున్నాను. ఫిల్ము రోజుల్లో 36 షాట్ల రోలు రెండు రోజులు వచ్చేది. నా దగ్గర నిలబడిన ఫోటోలన్నీ మూడో రోజువే.

నీ ఇసుక సిమెంటు రంగులో రావడానికి కారణం కెమెరా లోపం కాదు, అందులో వెలుగును కొలిచే మీటరు. అది ఎదురుగా ఏమున్నా దాన్ని మధ్యస్థమైన బూడిద రంగుకు లాక్కొస్తుంది. పడ్డ వెలుగులో 18 శాతం తిప్పి పంపే వస్తువు అన్న లెక్కతో అది పనిచేస్తుంది. ఎండలో ఇసుక అంతకంటే ఎక్కువే పంపుతుంది. అందుకే మీటరు భయపడి చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫోటో వెలుగును పెంచి తగ్గించే సెట్టింగు) ప్లస్ 0.7కో ప్లస్ 1కో పెట్టి హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూడు. ఆ గ్రాఫులోని కొండ కుడి వైపుకి జరగాలి, చివరి గోడకు మాత్రం తగలకూడదు. రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే ఫైలు) తప్పనిసరి.

ఇక రెండోది వెలుగు. తిన్నె ఆకారం మన కంటికి తెలిసేది నీడ వల్లే. సూర్యుడు నెత్తి మీద ఉంటే నీడ లేదు, నీడ లేకపోతే తిన్నె కూడా లేదు. సూర్యుడు దిగంతానికి జానెడు ఎత్తున ఉన్నప్పుడు, వెలుగు పక్క నుంచి వచ్చి ఇసుక అలల మీదుగా పాకుతుంది. అప్పుడు ప్రతి అలకూ ఒక వెలుగు గీత, ఒక చీకటి గీత వస్తాయి. ఆ గీతలే నీ ఫోటో.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. థార్‌లో ఇసుకను నిజంగా కదిలించేది ఎండాకాలపు నైరుతి గాలి. అది ఇసుకను నైరుతి వైపు మెల్లగా ఎక్కించి ఈశాన్యం వైపు జారవిడుస్తుంది. అందుకే నిటారు వాలు చాలావరకు ఈశాన్యానికి తిరిగి ఉంటుంది. పొడి ఇసుక 34 డిగ్రీలకు మించి నిలవదు, జారిపోతుంది. సాయంత్రం ఆ వాలు మొత్తం నీడలో పడుతుంది, శిఖరం గీత కత్తి అంచులా తేలుతుంది. పొద్దున అదే వాలు మీద ఎండ మెత్తగా పడుతుంది. ఒకే తిన్నె పొద్దునొకటి, సాయంత్రం ఇంకొకటి. వాస్తు కోసం దిక్కులు చూసే అలవాటు మనకు ఉంది కదా, తిన్నె దగ్గరికి వెళ్ళగానే అలాగే నైరుతి, ఈశాన్యం చూసుకో.

లెన్స్ విషయం: అందరూ వైడ్ (ఎక్కువ మేర పట్టే లెన్స్) పెడతారు. వైడ్ పెడితే దిగంతం సన్న దారమైపోతుంది, తిన్నెలు చీమల పుట్టలవుతాయి. నీ 55-250ని 100 నుంచి 200 మధ్య పెట్టి చూడు. ఒక తిన్నె వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి దగ్గరికొచ్చి పొరలు పొరలుగా పేర్చుకుంటాయి.

వెళ్ళేలోపు ఇక్కడే సాధన చెయ్యి. మౌలాలి గుట్ట మీదికో, ఖాజాగూడ రాళ్ళ దగ్గరికో తెల్లవారకముందే వెళ్ళు. మన బండరాళ్ళు 250 కోట్ల ఏళ్ళ నాటివి. వాటి గుండ్రటి వంపుల మీద పక్క వెలుగు ఎలా పాకుతుందో నాలుగు ఆదివారాలు చూస్తే తిన్నె నీకు కొత్తగా అనిపించదు.


సైనిక్‌పురి_ప్రయాణం
జనవరి 10, ఉదయం 9:40

గుట్ట సార్ చెప్పినదానికి ఒక్క చోట ఒప్పుకోను. వైడ్ లెన్స్ వద్దంటే ఎలా? కాళ్ళ దగ్గరున్న ఇసుక అలలను మోకాలి ఎత్తు నుంచి 18 దగ్గర తీస్తే అవే కంటిని లోపలికి తీసుకెళ్తాయి. రెండూ పట్టుకెళ్ళాలి.


మౌలాలి_గుట్ట
జనవరి 10, ఉదయం 10:05

నిజమే అమ్మా. ముందు భాగంలో చెప్పుకోదగ్గది ఉంటే వైడ్ పెట్టొచ్చు. నేను చెప్పింది నిలబడ్డ చోటు నుంచే వైడ్‌తో కొట్టేసే అలవాటు గురించి.


లెన్స్_డాక్టర్
జనవరి 10, మధ్యాహ్నం 1:30

కోఠీలో 22 ఏళ్ళుగా కెమెరాలు బాగు చేస్తున్నాను. రాజస్థాన్ నుంచి, గోవా నుంచి వచ్చినవాళ్ళ కెమెరాలు ప్రతి జనవరిలో నా బల్ల మీదికి వస్తాయి. అందుకే ఈ నాలుగు మాటలు చెప్తున్నాను.

ఇసుక కంటే ప్రమాదం ఇసుకతో పాటు ఎగిరే సన్నని దుమ్ము. జూమ్ లెన్స్ తిప్పినప్పుడల్లా గొట్టం ముందుకూ వెనక్కీ కదులుతుంది, సైకిల్ పంపులా గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలితో దుమ్ము కూడా పోతుంది. తర్వాత ఫోకస్ రింగ్ తిప్పితే గరగర శబ్దం వస్తుంది. గాలి వీస్తున్నప్పుడు జూమ్‌ను ఒకచోట పెట్టి వదిలేయండి, కావాలంటే మీరే ముందుకో వెనక్కో నడవండి.

లెన్స్ మార్చడం తిన్నె మీద అసలు వద్దు. కారులో కూర్చుని, అద్దాలు ఎత్తి, ఏసీ ఫ్యాన్ ఆపి, కెమెరా ఆఫ్ చేసి, మౌంట్ (లెన్స్ తగిలించే చోటు) నేల వైపు ఉండేలా పట్టుకుని మార్చాలి. మీకు రెండే లెన్సులు కాబట్టి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని ముందే అనుకోండి.

లెన్స్ మీద ఇసుక పడితే వెంటనే గుడ్డతో తుడవకండి. ఇసుకంటే గాజు కంటే గట్టి రాయి, తుడిస్తే గీతలు పడతాయి. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊది, తర్వాత బ్రష్, ఆఖరున గుడ్డ. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పడి మచ్చలవుతాయి. బ్లోయర్ 200 రూపాయల వస్తువు. అది లేకపోవడం వల్ల వేలల్లో బిల్లు కట్టినవాళ్ళను చూశాను.

ట్రైపాడ్‌కు అడుగున ఉన్న సన్న కాలును ముందు కొంచెం లాగండి, అప్పుడు దాని లాక్ ఇసుకలో కూరుకుపోదు. గదికి రాగానే కాళ్ళు విప్పి మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

రోజూ రాత్రి ఒక పరీక్ష. తెల్ల గోడనో ఖాళీ కాగితాన్నో ఎఫ్ 16 దగ్గర (లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి) ఫోకస్ లేకుండా తీయండి. నల్ల చుక్కలు కనిపిస్తే సెన్సార్ మీద దుమ్ము ఉన్నట్టు. ఎక్కువ ఉంటే అక్కడ గెలకొద్దు, ఇక్కడికొచ్చాక చూద్దాం.


చుక్కల_రాత్రి
జనవరి 10, రాత్రి 11:20

తేదీలు చూసి చాలా సంతోషమేసింది. ఎందుకో చెప్తాను.

టూరిస్టు సీజన్ నవంబరు నుంచి జనవరి. కానీ ఆ నెలల్లో పాలపుంత నడిబొడ్డు సూర్యుడి వైపే ఉంటుంది, రాత్రి ఆకాశంలో కనపడదు. మొన్న డిసెంబరులో వెళ్ళొచ్చిన మా ఆఫీసు కుర్రాడు ఎంత వెతికినా దొరకలేదని బాధపడ్డాడు. ఫిబ్రవరి రెండో సగం నుంచి అది తెల్లవారుజామున ఆగ్నేయంలో లేస్తుంది.

ఇప్పుడు చంద్రుడి సంగతి. దీనికి యాప్ అక్కర్లేదు, ఇంట్లో గోడకు ఉన్న పంచాంగం క్యాలెండరు చాలు. శివరాత్రి ఫిబ్రవరి 15న, అమావాస్య 17న. మీరు 18న బయల్దేరుతున్నారు, అంటే శుక్ల పక్షం మొదలు. శుక్ల పక్షంలో అష్టమి దాకా చంద్రుడు అర్ధరాత్రికల్లా, ఆ చుట్టుపక్కలే అస్తమిస్తాడు. తెల్లవారుజాము మొత్తం చీకటి. అదే కృష్ణ పక్షంలో వెళ్తే ఆ సమయానికి చంద్రుడు పైనే ఉండి పాలపుంతను కడిగేస్తాడు. ఏటా శివరాత్రి దాటాక ఆ వారం పది రోజులు ఎడారికి దొరికే మంచి రోజులు. జైసల్మేర్ మరు మహోత్సవం మాఘ పౌర్ణమికి అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి ఆ జనం కూడా అప్పటికి వెళ్ళిపోతారు.

జైసల్మేర్ మనకంటే బాగా పడమర. సూర్యోదయం మన హైదరాబాద్ కంటే దాదాపు 40 నిమిషాలు ఆలస్యం, ఆ రోజుల్లో ఇంచుమించు 7:20కి. పాలపుంత నడిబొడ్డు నాలుగింటి లోపే లేస్తుంది. 4:45కి అది కాస్త పైకొస్తుంది, ఆరింటికి ఆకాశం తెల్లబడటం మొదలవుతుంది. ఆ గంటంబావే మీకు దొరికే సమయం. ఆగ్నేయం వైపు ఖాళీగా, ఊరి దీపాలు లేకుండా ఉన్న చోటు పగలే చూసి పెట్టుకోండి. సామ్ దగ్గర క్యాంపుల దీపాలు రాత్రంతా ఉంటాయి, అక్కడ వద్దు.

సెట్టింగులు: 18 దగ్గర, ఎఫ్ 3.5 (రంధ్రం పూర్తిగా తెరిచి), ఐఎస్ఓ (వెలుగుకు సెన్సార్ సున్నితత్వం) 3200. ఎన్ని సెకన్లంటే, 500ను లెన్స్ పొడవుతో భాగించాలి. మీది క్రాప్ సెన్సార్ కాబట్టి 18ని 27గా లెక్కేయండి, 18 సెకన్లు వస్తుంది. అంతకు మించితే చుక్కలు గీతలవుతాయి. ఆటో ఫోకస్ ఆపి, ఒక వెలుగైన చుక్కను స్క్రీన్ మీద పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేయండి. అదే ఫ్రేమ్ 15 సార్లు తీసి ఇంటికొచ్చాక కలిపితే నాయిస్ (చీకట్లో వచ్చే గరుకు చుక్కలు) బాగా తగ్గుతుంది. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, రెండోదాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి.


నల్లకుంట_కెమెరా
జనవరి 11, ఉదయం 7:30

నేను సెలవు దొరికింది కదా అని పెట్టిన తేదీలు ఇవి. శివరాత్రి లెక్క చదివి అమ్మకు చెప్పాను. ఆవిడ క్యాలెండరు తీసుకొచ్చి పాడ్యమి, విదియ అని వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించింది. అందరికీ చాలా కృతజ్ఞతలు. లోంగేవాలా, తనోట్, రణ్ కొట్టేశాను.


మస్కట్_నుంచి
జనవరి 11, రాత్రి 9:10

అన్నా, నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. తొమ్మిదేళ్ళుగా ఒమన్‌లో డ్రైవర్‌గా చేస్తున్నాను. సర్వే వాళ్ళను వాహిబా ఎడారిలోకి తీసుకెళ్తుంటాను, 12,500 చదరపు కిలోమీటర్ల ఇసుక. నాకు కెమెరా లేదు, ఫోనుతోనే తీస్తాను. కానీ ఇసుకలో బతకడం గురించి కొంచెం చెప్పగలను.

ఒక్కడివే వెళ్తున్నానని రాశావు. ఇసుకలోకి ఒక్క బండితో పోవద్దు. మేము ఎప్పుడూ రెండు బండ్లు తీసుకెళ్తాం. ఇసుక మొదలయ్యే ముందు టైర్ల గాలి 15-18 పీఎస్ఐకి దించుతాం, అప్పుడు టైరు వెడల్పై తేలుతుంది. ఇరుక్కుంటే యాక్సిలరేటర్ తొక్కొద్దు, తొక్కిన కొద్దీ దిగిపోతుంది. దిగి చేత్తో ఇసుక తీయాలి.

దారి తప్పితే బండి వదిలి నడవొద్దు. ఇది మాత్రం మర్చిపోకు అన్నా. వెతికేవాళ్ళకు బండి దూరం నుంచి కనిపిస్తుంది, మనిషి కనిపించడు. మనిషికి రోజుకు ఐదు లీటర్ల నీళ్ళు లెక్కేసుకో, ఇంకో రోజుకు అదనంగా పెట్టుకో. సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు ముందే ఫోనులో దించుకో. ఎటు పోతున్నావో, ఎన్నింటికి వస్తావో ఒక మనిషికి చెప్పి పో.

ఇక్కడ మేము శాటిలైట్ మెసేజ్ పరికరం తీసుకెళ్తాం. వీలైతే ఒకటి అద్దెకు తీసుకో.

ఎడారి ఖాళీ అంటారు కానీ ఖాళీ కాదు. పొద్దున్నే ఇసుక మీద చూస్తే రాత్రంతా ఏం జరిగిందో రాసి ఉంటుంది. పురుగు నడిచిన గీత, దాని వెంట బల్లి అడుగులు, ఒకచోట రెండూ ఆగిపోతాయి. ఎండ ఎక్కితే గాలి చెరిపేస్తుంది. నా ఫోనులో అవే ఎక్కువ. మా ఇంట్లో వాళ్ళకు పంపితే మా చిన్నది అవి చూసి కథ చెప్పమంటుంది.


బట్టమేక
జనవరి 12, ఉదయం 8:00

తమ్ముడు చెప్పిన అడుగుల గుర్తుల మాట ఎంత బాగుందో. ఏమీ లేని చోట ఏం తీయాలన్నదానికి నాకు దొరికిన మంచి జవాబు అదే.

ఒక్క విషయం మాత్రం సరిచేయాలి. మన దేశంలో శాటిలైట్ ఫోన్లు, ఆ రకం మెసేజ్ పరికరాలు టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడకూడదు. తెలియక తెచ్చుకున్న విదేశీ యాత్రికులు విమానాశ్రయాల్లో చిక్కుల్లో పడ్డారు. జైసల్మేర్ సరిహద్దు జిల్లా, అక్కడ ఇంకా గట్టిగా చూస్తారు. డ్రోన్ కూడా తీసుకెళ్ళొద్దు. సరిహద్దు వైపు కొన్ని చోట్లకు అనుమతి కావాలి, చెక్‌పోస్టుల దగ్గర కెమెరా బ్యాగులోనే ఉండాలి.

నేను పక్షుల కోసం అటు వెళ్తాను. మాది కర్నూలు వైపు. చిన్నప్పుడు నాన్న రోళ్ళపాడు తీసుకెళ్తే గడ్డిలో నడుస్తున్న బట్టమేక పిట్టను చూశాను. నా నడుము దాకా వచ్చేంత ఎత్తు. దాని కోసమే 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు రోళ్ళపాడులో ఆ పిట్ట కనిపించదు. దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయని లెక్క, వాటిలో చాలావరకు జైసల్మేర్ జిల్లాలోనే. అక్కడి సామ్‌లో, రామ్‌దేవ్‌రాలో వాటిని పెంచే కేంద్రాలున్నాయి. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టింది. ఆ వార్త చదివి ఏడ్చాను.

ఇదంతా ఎందుకంటే, ఇసుక తిన్నెల మధ్య కనిపించే ఎండిన గడ్డి మైదానం ఉత్త నేల కాదు. ఈ పిట్ట గుడ్డు పెట్టేది నేల మీదే, ఏడాదికి సాధారణంగా ఒక్కటే. అక్కడి డ్రైవర్లు మంచి ఫోటో ఇప్పిస్తామని జీపును గడ్డిలోకి దించుతారు. దించొద్దని చెప్పండి. పిట్ట కనిపిస్తే బండి ఆపి, దారి మీద నుంచే చూడండి. మీ 250కి అది చుక్కంత వస్తుంది, వస్తే రానివ్వండి. ఆ ఫోటోలకు లొకేషన్ పెట్టకండి.


సైనిక్‌పురి_ప్రయాణం
జనవరి 12, రాత్రి 8:45

రణ్ కొట్టేశానన్నారు కాబట్టి ఇది తర్వాతి ప్రయాణానికి. పోయినేడాది జనవరిలో అమ్మతో కలిసి వెళ్ళాను. వానాకాలంలో నీళ్ళు నిలిచి, తర్వాత మెల్లగా ఆరి ఉప్పు మిగులుతుంది. ధోర్డో దగ్గర జనం ఎక్కువ, ఉప్పు మీద అడుగులు పడి నల్లబడి ఉంది. నాకు నచ్చింది ఖావడా నుంచి ధోలావీరా వెళ్ళే దారి, రెండు వైపులా తెలుపే. ధోలావీరాలో నాలుగు వేల ఏళ్ళు దాటిన నగరం ఉంది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

ఉప్పు ఇసుక కంటే తెల్లన, ప్లస్ 1.5 దాకా పెట్టాల్సి వచ్చింది. పౌర్ణమి రాత్రి 8 సెకన్లకే పగటిలా వస్తుంది. పైన గట్టిగా కనిపించినా కింద బురద ఉంటుంది, దారి వదిలితే కాలు దిగిపోతుంది.


లెన్స్_డాక్టర్
జనవరి 12, రాత్రి 9:30

రణ్‌కి వెళ్ళినవాళ్ళు ట్రైపాడ్ అదే రోజు కడగాలి. ఉప్పు ఇసుకలా రాలిపోదు, స్క్రూలు తుప్పు పట్టి పట్టేస్తాయి.


కూకట్‌పల్లి_రా
జనవరి 13, సాయంత్రం 6:20

ఒక సందేహం. ఖూరీలో కూడా ఇప్పుడు జీపు టైర్ల గీతలు ఎక్కువైపోయాయి. నేను ఎడిటింగ్‌లో తీసేస్తాను. ఇప్పుడు ఏఐ టూల్‌తో రెండు సెకన్ల పని. ఇది తప్పా? ఆకాశం మార్చను, తిన్నె మార్చను, గీతలు మాత్రమే.


బట్టమేక
జనవరి 13, సాయంత్రం 7:00

నా దృష్టిలో తప్పే అండి. ఆ గీతలు అక్కడ నిజంగా ఉన్నాయి. మనమంతా వాటిని చెరిపి పెడితే, అక్కడ ఏం పాడవుతోందో చూసేవాళ్ళకు ఎప్పటికీ తెలియదు.


కూకట్‌పల్లి_రా
జనవరి 13, సాయంత్రం 7:25

వార్తా ఫోటో అయితే ఒప్పుకుంటాను. నేను గోడకు పెట్టుకునే బొమ్మ చేస్తున్నాను. కరెంటు తీగలను అందరూ తీసేస్తారు కదా?


మౌలాలి_గుట్ట
జనవరి 13, రాత్రి 8:10

నేను పోటీలకు పంపేవాటిలో ఏదీ తీయను, అక్కడ నియమాలు స్పష్టంగా ఉంటాయి. ఇంటి గోడ విషయంలో ఎవరి మనసు వారిది. కానీ నా అనుభవం ఏమిటంటే, తర్వాత తీసేయొచ్చులే అనుకున్న రోజున నేను నడవలేదు. తీయకూడదని పెట్టుకున్న రోజున రెండు కిలోమీటర్లు ఎక్కువ నడిచాను, గీతలు లేని తిన్నె దొరికింది. మన అడుగులు కూడా అంతే. ఫ్రేమ్ ఎక్కడ వస్తుందో ముందు దూరం నుంచి చూసుకుని, చుట్టూ తిరిగి వెనక నుంచి ఎక్కాలి. ఒకసారి తొక్కితే గాలి వచ్చి సర్దేదాకా ఆగాల్సిందే.


కూకట్‌పల్లి_రా
జనవరి 13, రాత్రి 8:30

నడక మాట ఒప్పుకుంటున్నాను సార్. తీగల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.


నల్లకుంట_కెమెరా
ఫిబ్రవరి 16, రాత్రి 10:15

నాలుగు ఆదివారాలు ఖాజాగూడ వెళ్ళాను. మూడో ఆదివారానికి పక్క వెలుగు అంటే ఏమిటో కంటికి తెలిసింది. ఎల్లుండి ఉదయం జోధ్‌పూర్‌కి విమానం, అక్కడి నుంచి రోడ్డు మీద జైసల్మేర్. ఖూరీ దాటాక ఒక ఊళ్ళో ఒక కుటుంబం ఇంట్లోనే నాలుగు రాత్రులు ఉంటాను. ఒక ఏజెంటు రోజుకు మూడు చోట్లు తిప్పుతానని అడ్వాన్సు తీసుకుని ఇప్పుడు తిరిగి ఇవ్వనంటున్నాడు. అది పోయినా సరే, ఒక్క చోటే ఉంటాను. బ్లోయర్ కొన్నాను. టెన్షన్‌గా ఉంది.


మస్కట్_నుంచి
ఫిబ్రవరి 16, రాత్రి 11:40

నీళ్ళు మర్చిపోకు అన్నా. క్షేమంగా వెళ్ళి రా.


నల్లకుంట_కెమెరా
మార్చి 1, ఉదయం 11:05

తిరిగొచ్చి ఐదు రోజులైంది. మొత్తం 212 ఫోటోలు తీశాను, 9 ఉంచుకున్నాను.

మొదటి రోజు ఏమీ రాలేదు. మళ్ళీ పాత తప్పే చేశాను, కనపడిన ప్రతిదాన్నీ తీశాను. రెండో రోజు పొద్దున గాలి వీచి కెమెరా బయటికి తీయలేకపోయాను. బురఖాలా తువ్వాలు చుట్టుకుని తిన్నె కింద కూర్చుని, ఇసుక శిఖరం మీద నుంచి పొగలా లేవడం ఊరికే చూశాను. నైరుతి, ఈశాన్యం అప్పుడు అర్థమయ్యాయి. సాయంత్రానికి గాలి తగ్గింది, పాత అడుగులన్నీ పోయాయి. 135 దగ్గర పెట్టి పొరలు తీశాను. గుట్ట సార్, మీరు చెప్పిన కత్తి అంచు వచ్చింది. ప్లస్ 1 పెట్టాను, ఇసుక ఇసుక రంగులోనే ఉంది.

మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికి ఇంటాయన నన్ను లేపి, టార్చి పట్టుకుని ఊరికి ఆగ్నేయంగా తీసుకెళ్ళారు. అక్కడ ఒంటరిగా ఒక చెట్టు ఉంది. కొమ్మలన్నీ నరికేసి ఉన్నాయి, మొండి పిడికిళ్ళలా కనిపించాయి. నాకు జాలేసింది. చలికాలంలో మేకలకూ ఒంటెలకూ మేత కోసం ఏటా కొమ్మలు కొడతారని, మళ్ళీ చిగురిస్తుందని ఆయన చెప్పారు. పేరు ఖేజ్‌డీ అన్నారు. ముందురోజు వాళ్ళింట్లో సజ్జ రొట్టెతో కేర్ సాంగ్రీ కూర పెట్టారు, ఆ సాంగ్రీ ఈ చెట్టు కాయలేనట. తెల్లారాక దగ్గరికెళ్ళి అప్పుడే వస్తున్న చిగురు చూశాను. సన్నని ఆకులు, కొమ్మకు చిన్న ముళ్ళు. అది జమ్మి చెట్టు.

మన తెలంగాణ రాష్ట్ర వృక్షమే వాళ్ళ రాజస్థాన్ రాష్ట్ర వృక్షం కూడా. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో ఈ చెట్లను నరకనివ్వకుండా వాటిని కౌగిలించుకుని 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారని ఆయనే చెప్పారు. మేము దసరాకి ఈ ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కుతామని నేను చెప్పాను. ఆయన నమ్మలేనట్టు చూసి, ఇంటికెళ్ళాక భార్యను పిలిచి మళ్ళీ చెప్పమన్నారు.

ఆ చెట్టు వెనక పాలపుంత లేస్తున్న ఫోటో పైన పెట్టాను. 18 సెకన్లు, 14 ఫ్రేములు కలిపాను. ఎడమ మూలన దిగంతం మీద సన్నగా ఒక వెలుగుంది, ఏదో ఊరి దీపం. తీసేయలేదు. చెట్టు ఎక్కడుందో మాత్రం ఇక్కడ రాయను, ఇప్పటికి అటు జీపులు వెళ్ళడం లేదు.


చుక్కల_రాత్రి
మార్చి 1, మధ్యాహ్నం 12:30

చుక్కలు గుండ్రంగా ఉన్నాయి, ఫోకస్ సరిగ్గా కుదిరింది. ఆ మొండి కొమ్మల మధ్య నుంచి పాలపుంత వెళ్ళేలా నిలబడ్డ చోటు ఎంచుకోవడం చాలా బాగుంది.


మౌలాలి_గుట్ట
మార్చి 1, మధ్యాహ్నం 2:00

ఇందులో మూడో రోజు కనిపిస్తోంది తమ్ముడూ. మ్యాట్ కాగితం మీద ప్రింటు తీయించు. స్క్రీన్ మీద కంటే చీకటిగా వస్తుంది, తీయించే ముందు కొంచెం వెలుగు పెంచు.


లెన్స్_డాక్టర్
మార్చి 1, సాయంత్రం 5:15

కుడి పైన రెండు మచ్చలున్నాయి, సెన్సార్ దుమ్ము. కెమెరా తీసుకురండి, పది నిమిషాల పని.


మస్కట్_నుంచి
మార్చి 1, రాత్రి 11:50

అన్నా, ఈ ఫోటో పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చూశానో. ఇక్కడ కూడా ఇసుకలో ఇలాంటి చెట్లున్నాయి, గాఫ్ అంటారు. తొమ్మిదేళ్ళుగా వాటి నీడలో బండి ఆపుకుని అన్నం తింటున్నాను, జమ్మిని పోలి ఉన్నాయని ఎన్నడూ తోచలేదు. నేను దసరాకి ఊళ్ళో లేక తొమ్మిదేళ్ళయింది. పెద్ద సైజు ఫైలు పంపగలవా? మా గదిలో ఆరుగురం ఉంటాం, గోడకు పెట్టుకుంటాం.


నల్లకుంట_కెమెరా
మార్చి 2, ఉదయం 6:40

పంపాను తమ్ముడూ. గుట్ట సార్ చెప్పినట్టు వెలుగు పెంచిన ఫైలే పంపాను, 12 బై 18 దాకా తీయించుకోవచ్చు. రేపు పొద్దున నువ్వు అన్నం తినే ఆ గాఫ్ చెట్టును ఫోనుతో తీసి పంపు, అమ్మ చూడాలంటోంది.